చదువుకోవటానికి వెళ్ళినవారు ఎన్ని గంటలు పని చేయవచ్చును?

గత విద్యా సంవత్సరం ముగిసే రోజుల్లో ఒక తండ్రి మమ్మల్ని వెతుక్కుంటూ తెలుగు శాఖకు వచ్చారు. ఆయనకు ఊళ్ళో చిన్న టైలరింగు దుకాణం ఉన్నది. కుమారుడు మన కళాశాలలో ఇంటర్మీడియట్ చదివి, తరువాత మరొకచోట ఇంజనీరింగు పూర్తిచేసి, అమెరికాలో ఎం.ఎస్. చదవటానికి సీటు తెచ్చుకున్నాడు. "ఇల్లు తాకట్టు పెట్టి మొదటి సంవత్సరానికి సర్దుతున్నాను సార్. రెండో సంవత్సరం ఫీజు అక్కడే పార్ట్ టైం చేసి కట్టుకుంటానంటున్నాడు మావాడు. అవుతుందంటారా?" అని అడిగారు.

మేము వ్యాకరణం, ప్రబంధం చెప్పుకునేవాళ్ళమే కాని న్యాయశాస్త్రం చదివినవాళ్ళము కాము. అయినా తాకట్టు పడుతున్నది ఒక ఇల్లు కాబట్టి, తెలియదని చెప్పి పంపివేయటానికి మనసొప్పలేదు. నాలుగు రోజులు గడువు అడిగి, ఆయా దేశాల ప్రభుత్వాలు ప్రకటించిన నిబంధనలు చదివాము. విదేశాల్లో ఉన్న పూర్వ విద్యార్థులతో ఫోనులో మాట్లాడాము. కాగితం మీద కూడికలు, తీసివేతలు వేశాము. ఆ తండ్రికి చెప్పిన జవాబే మరికొంత వివరంగా ఈ వ్యాసమైనది.

ముందుగా ఒక మాట. చదువుకుంటూ పని చేయటం నామోషీ అని ఎవరూ అనుకోనక్కరలేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల తొలినాళ్ళలో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో చదువుకుంటూ, పొట్ట గడవటం కోసం ఒక ఆసుపత్రిలో రాత్రి పోర్టరుగా పని చేశారు. రోగుల మలమూత్రపు పాత్రలు శుభ్రం చేసిన ఆ చేతులే తరువాతి కాలంలో ప్రపంచ వైద్యశాస్త్రానికి ఎన్నో మందులు ఇచ్చినవి. పనిలో తక్కువ ఎక్కువలు లేవు. అయితే ఆయన కాలపు చట్టాలు వేరు, నేటి చట్టాలు వేరు. నేడు అడగవలసిన ప్రశ్న "ఏ పని?" అన్నది కాదు, "ఎవరి అనుమతితో, ఎన్ని గంటలు?" అన్నది.

ఈ విషయం చర్చకు వచ్చినప్పుడు మా ఉర్దూ శాఖ మిత్రులు ఒక చక్కని భేదం చూపారు. 'హక్' వేరు, 'ఇజాజత్' వేరు అన్నారు. హక్ అనే మాట మన తెలుగులోకి హక్కుగా వచ్చి స్థిరపడిపోయినది. ఇజాజత్ అంటే అనుమతి. విదేశీ విద్యార్థికి పని చేయటం హక్కు కాదు, అనుమతి మాత్రమే. వీసా ఇచ్చినది చదువు కొరకు. ఆ చదువు సక్రమంగా సాగినంత కాలం, ఇన్ని గంటలకు మించకుండా, ఇటువంటి చోట్ల పని చేసుకోవచ్చునని ఆ దేశం ఇచ్చే సెలవు అది. చదువు ఆగితే అనుమతీ ఆగిపోతుంది. కాని చేసిన గంటలకు రావలసిన కూలి మాత్రం హక్కే. ఈ రెండు మాటల తేడా తెలియకపోవటం వల్లనే మన పిల్లలు ఎక్కువగా చిక్కుల్లో పడుతున్నారని మాకు తోచినది.

మన ప్రాంతం నుండి వెళ్ళేవారిలో ఎక్కువమంది అమెరికాకే వెళ్తున్నారు. కాబట్టి ఆ దేశం సంగతి కొంచెం నిదానంగా చూద్దాము.

అక్కడి విద్యార్థి వీసాను ఎఫ్-1 అంటారు. ఆ వీసా మీద వెళ్ళినవారు తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చును. సెలవుల్లో, తరువాతి టర్ముకు తిరిగి చేరే ఉద్దేశం ఉన్నవారు, క్యాంపస్ లోపలే పూర్తికాలం పని చేయవచ్చును. ఇక్కడ 'క్యాంపస్' అనే మాటకు చట్టం ఇచ్చిన అర్థం గమనించదగినది. విశ్వవిద్యాలయపు గ్రంథాలయం, భోజనశాల, ప్రయోగశాల సరే. బయటి కంపెనీ నడుపుతున్న పుస్తకాల దుకాణమైనా, క్యాంపస్ ఆవరణలో ఉండి విద్యార్థులకు నేరుగా సేవ చేసేదైతే అదీ క్యాంపస్ పనే. కాని అదే ఆవరణలో కొత్త భవనం కడుతున్న కంట్రాక్టరు దగ్గర ఇటుకలు మోస్తే అది క్యాంపస్ పని కాదు! నిలబడిన నేల ఒకటే అయినా ఒక పని చట్టబద్ధము, రెండవది చట్టవిరుద్ధము. నిఘంటువులో మాటకు ఉండే అర్థం వేరు, చట్టంలో ఉండే అర్థం వేరు అనటానికి ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు తరగతి గదిలో దొరకలేదు.

ఈ 20 గంటలు అన్ని పనులూ కలిపి. ఉదయం గ్రంథాలయంలో 12 గంటలు, సాయంత్రం భోజనశాలలో 12 గంటలు చేసి, "ఎక్కడా 20 దాటలేదు కదా" అంటే కుదరదు. ప్రొఫెసరు గారి దగ్గర అసిస్టెంటుగా చేసే గంటలూ ఈ లెక్కలోకే వస్తాయి. ఒక వారం 10 గంటలే చేశాము కాబట్టి మరుసటి వారం 30 చేసి సరిపెడతామనటానికీ వీలులేదు. వారం లెక్క వారానిదే.

పనిలో చేరగానే సోషల్ సెక్యూరిటీ నంబరు తీసుకోవలసి ఉంటుంది. పని ఇచ్చినవారి ఉత్తరం, విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి ఉత్తరం చూపితే ఆ నంబరు ఇస్తారు. ఈ అధికారిని అక్కడ డి.ఎస్.ఓ. అంటారు. ఆ పేరు బాగా జ్ఞాపకం పెట్టుకోవలెను. ఇక్కడే ఒక పెద్ద అపోహ ఉన్నది. నంబరు వచ్చినది కాబట్టి ఎక్కడైనా పని చేయవచ్చునని చాలామంది అనుకుంటారు. ఆ నంబరు జీతాల లెక్క కోసం మాత్రమే. విదేశీ విద్యార్థికి ఇచ్చే కార్డు మీద, ప్రభుత్వ అనుమతి ఉంటేనే పనికి చెల్లుతుందని స్పష్టంగా అచ్చువేసి ఉంటుంది. రేషన్ కార్డు ఉన్నంత మాత్రాన రేషన్ దుకాణం మనది కాదు గదా!

'పని' అన్న మాట కూడా మనం అనుకునేదానికంటె విశాలమైనది. డబ్బు చేతికి వస్తేనే పని అని కాదు. తెలిసినవారి హోటల్లో వడ్డన చేసి, బదులుగా ఉచితంగా పైగదిలో ఉంటే అది ఉద్యోగమే. మిత్రుడి పేరు మీద ఉన్న ఫోన్ యాప్‌తో భోజనం పొట్లాలు ఇళ్ళకు చేరవేస్తే అది ఉద్యోగమే, పైగా పేరు మార్చి చేసిన మోసం కూడ. గదిలో కూర్చుని ఎవరికో కంప్యూటర్ పని చేసి పెట్టి డబ్బు తీసుకోవటం కూడా అనుమతి లేకుండా చేయరాదు. నిజమైన ధర్మసంస్థలో, ఏ ప్రతిఫలమూ లేకుండా, మామూలుగా ఎవరైనా ఊరికే చేసే సేవ చేయటం వేరు. మసీదులో రంజాన్ ఇఫ్తార్‌కు పళ్ళేలు అందించినవారిని ఎవరూ ఉద్యోగి అనరు.

క్యాంపస్ బయట పని చేయటానికి దారులు లేకపోలేదు. కాని ప్రతిదానికీ ముందుగా అనుమతి కావలెను. మొదటిది, ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివిన తరువాత, తన చేతిలో లేని కారణాల వల్ల అనుకోని ఆర్థిక సంకటం వచ్చిపడితే అడగదగినది. ఇంట్లో పోషించేవారి సంపాదన దెబ్బతినటం, వైద్య ఖర్చులు, రూపాయి విలువ బాగా పడిపోవటం వంటివి ఇందుకు కారణాలుగా చూపవచ్చును. దరఖాస్తు ప్రభుత్వ వలస శాఖకు వెళ్తుంది. వారు కార్డు ఇచ్చిన తరువాతనే పని. అదీ తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే. వెళ్ళేనాటికే డబ్బు లేదని తెలిసి వెళ్ళినవారికి ఇది వర్తించదు. 'అనుకోని' అన్న మాటలోనే ఉన్నది కీలకం.

రెండవది చదువులో భాగమైన శిక్షణ. దీనిని సి.పి.టి. అంటారు. పాఠ్యప్రణాళికలో అంతర్భాగమై ఉండవలెను. సాధారణంగా ఒక విద్యా సంవత్సరం నిండిన తరువాతనే ఇస్తారు. ఏ కంపెనీలో, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు అన్నది డి.ఎస్.ఓ. విద్యార్థి ఐ-20 పత్రం మీద నమోదు చేసిన తరువాతనే పనిలో చేరవలెను. ఒక్కరోజు ముందు చేరినా తప్పే. పూర్తికాలపు సి.పి.టి. 12 నెలలు చేసినవారికి, ఆ స్థాయిలో చదువు తరువాత వచ్చే శిక్షణావకాశం పోతుంది.

ఆ చదువు తరువాతి అవకాశమే ఓ.పి.టి. చదివిన శాస్త్రానికి నేరుగా సంబంధించిన ఉద్యోగం 12 నెలలు చేసుకోవచ్చును. విజ్ఞానశాస్త్రం, సాంకేతికం, ఇంజనీరింగు, గణితం చదివినవారికి 2016లో వచ్చిన నియమం ప్రకారం మరో 24 నెలల పొడిగింపు ఉన్నది. ఆ తొలి 12 నెలల్లో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండరాదు. పొడిగింపు కూడా పొందినవారికి మొదటినుండి చివరివరకు కలిపి 150 రోజులు. ఈ విషయాల్లో మార్పులు తేవాలని అక్కడ తరచుగా ప్రయత్నాలు జరుగుతున్నవి కాబట్టి, వెళ్ళబోయేవారు మా వ్యాసాన్ని కాక, ఆనాటి ప్రభుత్వ ప్రకటననే ప్రమాణంగా తీసుకోవలెను.

ఇక ఆ తండ్రి గారి ప్రశ్నకు వద్దాము. లెక్క చాలా చిన్నది. క్యాంపస్‌లో గంటకు 12 డాలర్లు ఇస్తారనుకుందాము. అమెరికా జాతీయ కనీస వేతనం 2009 నుండి గంటకు 7 డాలర్ల 25 సెంట్లే. మనవారు ఎక్కువగా ఉండే టెక్సాస్ రాష్ట్రంలో కనీసం అంతే. అందుచేత 12 అనుకోవటం ఉదారమైన ఊహే. వారానికి 20 గంటలకు 240 డాలర్లు. సెమిస్టరుకు 15 వారాల చొప్పున రెండు సెమిస్టర్లకు 7,200 డాలర్లు. నలుగురు కలిసి అద్దెకు ఉండి, చేత్తో వండుకుని, తిండికీ గదికీ బస్సుకూ నెలకు 700 డాలర్లతో సరిపెట్టుకున్నాడనుకుందాము. సంవత్సరానికి 8,400. అంటే ఒక్క వారం కూడా పని పోకుండా, ఒక్క రోజు జ్వరం రాకుండా చేసినా 1,200 తక్కువే పడుతున్నది. వేసవిలో 12 వారాలు పూర్తికాలం పని దొరికితే మరో 5,760 వచ్చి, ఖర్చులు పోను 4,560 మిగులుతుంది. కాని వేసవిలో క్యాంపస్ ఖాళీగా ఉంటుంది, పనులూ తగ్గుతాయి. ఇప్పుడు ఐ-20 పత్రం తీసి, అందులో ఫీజు కింద వ్రాసిన అంకె చూడండి. 20,000 ఉన్నదనుకున్నా, పార్ట్ టైం మిగులు దానిలో నాలుగోవంతు కూడా కాదు.

ఫీజు కట్టగల పార్ట్ టైం పని ఒక్కటే ఉన్నది. అది ఫీజు మాఫీతో కూడిన బోధన లేక పరిశోధన అసిస్టెంట్‌షిప్. అదీ వారానికి 20 గంటలే. అయితే అది ఎక్కువగా పిహెచ్.డి. విద్యార్థులకు దక్కుతుంది; ఎం.ఎస్.లో చేరేవారు దొరుకుతుందని ఊహించుకుని విమానం ఎక్కరాదు. సీటుతో పాటు ఆ మాట ఉత్తరంలో వ్రాసి ఉంటేనే నమ్మవలెను.

కాబట్టి 20 గంటల్లో ఫీజు రాదు. ఫీజు రావాలంటే 40, 50 గంటలు చేయవలెను. అన్ని గంటలు క్యాంపస్‌లో లేవు. పెట్రోలు బంకులోనో, హోటల్లోనో, ఎవరో తెలిసినవారి దుకాణంలోనో రొక్కానికి చేయవలెను. "అందరూ చేస్తున్నారు" అన్న మాట ఇక్కడే పుడుతుంది. ఇక్కడి కన్సల్టెన్సీల వారు చెప్పేదీ, అన్నలు చెప్పేదీ, ఆ మాటే. తండ్రి గారి కుమారుడు చెప్పినదీ అదే, కాకపోతే మర్యాదగా చెప్పాడు.

ఈ దారిలో ఏమవుతుందో చెప్పటానికి మన తెలుగువారి చరిత్రే ఉన్నది. 2011 జనవరిలో కాలిఫోర్నియా రాష్ట్రం ప్లెజంటన్‌లోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం మీద అమెరికా అధికారులు దాడి చేశారు. అక్కడ పేరు నమోదు చేసుకున్న 1,500 మందికి పైగా విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వారిలోనూ నాటి ఆంధ్రప్రదేశ్ వారే ఎక్కువ. తరగతులకు పోనక్కరలేదు, చేరిన రోజు నుండే పని చేసుకోవచ్చునని ఆ సంస్థ ఆశ చూపినది. రికార్డుల ప్రకారం సగానికి పైగా విద్యార్థులు సన్నీవేల్‌లోని ఒకే అపార్ట్‌మెంటులో కాపురం ఉంటున్నారట! కొందరు పిల్లల కాళ్ళకు రేడియో కడియాలు తగిలించినప్పుడు మన పత్రికలన్నిట్లోనూ ఆ ఛాయాచిత్రాలు వచ్చినవి. ఆ సంస్థ స్థాపకురాలికి 2014లో పదహారు సంవత్సరాలకు పైగా జైలుశిక్ష పడినది. పిల్లల చదువు, డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

ఎనిమిదేళ్ళ తరువాత, 2019 జనవరిలో, మిషిగన్ రాష్ట్రంలో ఇంతకంటె విచిత్రం జరిగినది. ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అన్నది అసలు విశ్వవిద్యాలయమే కాదు. అమెరికా ప్రభుత్వపు అధికారులే మారుపేర్లతో నడిపిన వల. అక్కడ ఉపాధ్యాయులు లేరు, పాఠాలు లేవు. చేరినవారు దాదాపు 600 మంది, ఎక్కువమంది మన దేశం వారే. పిల్లలను చేర్పించిన ఎనిమిది మంది దళారుల మీద కేసులు పెట్టారు. ప్రభుత్వమే ఇలా వల పన్నటం న్యాయమా అన్న ప్రశ్న ఉన్నది. మా మట్టుకు మాకు అది న్యాయంగా తోచదు. కాని ఆ ప్రశ్నకు జవాబు వచ్చేలోపల విద్యార్థి స్వదేశం చేరిపోయాడు.

మేము చదివిన నిబంధనలన్నిట్లోనూ మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసినది ఒకటి ఉన్నది. ఆరోగ్యం బాగాలేక కోర్సులు తగ్గి, లేదా తన చేతిలో లేని మరే కారణం వల్లనో విద్యార్థి హోదా పోగొట్టుకున్నవారు, ఐదు నెలల లోపల దరఖాస్తు చేసుకుని ఆ హోదాను తిరిగి అడగవచ్చును. అనుమతి లేకుండా పని చేసినవారికి ఆ అవకాశం లేదు. చట్టంలో ఆ మినహాయింపు విడిగా వ్రాసి ఉన్నది. అంటే ఇతర పొరపాట్లకు తలుపు కొంచెం తెరిచి ఉన్నది. ఈ ఒక్క పొరపాటుకు మూసి ఉన్నది. తప్పు చేసినది పది గంటలా, వెయ్యి గంటలా అన్న తేడా కూడా అక్కడ చూపలేదు. గంటకు ఎనిమిది డాలర్ల కోసం పణంగా పెడుతున్నది, ఇక్కడ తాకట్టులో ఉన్న ఇంటిని. 2025 ఏప్రిల్‌లో వేలాది విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డులు ఒక్కసారిగా రద్దై, కోర్టుల్లో వ్యాజ్యాలు పడిన తరువాత తిరిగి సరిచేయబడినవి. ఏ తప్పూ చేయనివారే అన్ని వారాలు నిద్రలేకుండా గడిపారంటే, దాచుకోవలసినది ఉన్నవారి సంగతి ఊహించుకోవచ్చును.

మా పూర్వ విద్యార్థి ఒకడు ఫోనులో చెప్పిన సంగతి ఇక్కడ చెప్పవలె. అతడు ఒక హోటల్లో రొక్కానికి పని చేశాడు. మూడు నెలలు సక్రమంగా ఇచ్చిన యజమాని నాలుగో నెల నుండి "వచ్చే వారం" అనటం మొదలుపెట్టాడు. ఆ యజమాని మన భాష మాట్లాడేవాడే. ఒకనాడు గట్టిగా అడిగితే, "ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో" అన్నాడట. "ఆ మాటతో నోరు పడిపోయింది సార్. అమ్మీకి మాత్రం జీతం వచ్చిందనే చెప్పాను" అన్నాడు మా శిష్యుడు. ఆ రోజు మాకు ఉర్దూ మిత్రుల మాట మళ్ళీ గుర్తుకు వచ్చినది. అనుమతి దాటినవాడు హక్కును కూడా అడగలేని స్థితిలో పడతాడు.

ఇది ఒక్క కుర్రవాడి కథ కాదు. ఆస్ట్రేలియాలో సెవెన్-ఇలెవెన్ అనే దుకాణాల్లో విదేశీ విద్యార్థులకు ఏళ్ళ తరబడి తక్కువ కూలి ఇచ్చిన వైనం 2015లో బయటపడినది. అక్కడి పద్ధతి ఇది: విద్యార్థి చేత 40 గంటలు చేయించి, పుస్తకంలో 20 వ్రాసి, 20కే కూలి ఇచ్చేవారు. అడిగితే, "గంటల పరిమితి దాటావని వీసా వారికి చెప్తాము" అని బెదిరించేవారు. చివరకు ఆ కంపెనీ వెనక్కి ఇవ్వవలసి వచ్చిన కూలి 15 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు పైమాటే. పరిమితి దాటించినది యజమాని, భయపడినది విద్యార్థి. వీసా సంగతి ఎలా ఉన్నా కార్మిక చట్టపు రక్షణ అందరికీ ఉంటుందని ఆ దేశం 2023లో చట్టంలోనే స్పష్టపరచినది. కూలి రానివారు అక్కడి ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ కార్యాలయానికి నిర్భయంగా పోవచ్చును.

మిగిలిన దేశాల సంగతి క్లుప్తంగా చెప్తాము. ఆ ఆస్ట్రేలియాలోనే 2023 జూలై 1 నుండి పరిమితి రెండు వారాలకు 48 గంటలు. కోర్సు మొదలు కాకముందు పని చేయరాదు. సెలవుల్లో పరిమితి లేదు. కెనడాలో క్యాంపస్ బయట వారానికి 24 గంటలు. ఇది 2024 నవంబరు నుండి. అంతకుముందు 2022 నవంబరు నుండి 2024 ఏప్రిల్ వరకు తాత్కాలికంగా పరిమితి ఎత్తివేశారు. ఆ రోజుల్లో వెళ్ళినవారు చెప్పే సలహాలు నేటికి పనికిరావు. ఏ సలహానైనా వినేముందు అది ఏ సంవత్సరపు అనుభవమో అడగటం మంచిది.

ఇంగ్లండులో డిగ్రీ, ఆపై చదువులవారికి టర్ము రోజుల్లో వారానికి 20 గంటలు. వారమంటే సోమవారం నుండి ఆదివారం వరకు. స్వయంఉపాధి నిషిద్ధం. అక్కడ మన పిల్లలు ఎక్కువగా జారిపడే చోటు ఒకటి ఉన్నది. ఒక సంవత్సరపు ఎం.ఎస్సీ.లో జూన్ నాటికి తరగతులు అయిపోతాయి. ఇంక సెలవులే అనుకుని పూర్తికాలపు పనికి పోతారు. కాని వేసవిలో సిద్ధాంత వ్యాసం వ్రాసే కాలం కూడా టర్మే! తరగతి గదికి తాళం పడినా 20 గంటల నియమం నడుస్తూనే ఉంటుంది. మీ టర్ము తేదీలు విశ్వవిద్యాలయం నుండి వ్రాతపూర్వకంగా తీసుకుని దగ్గర ఉంచుకోవలెను.

జర్మనీ పద్ధతి మాకు నచ్చినది. 2024 మార్చి నుండి సంవత్సరానికి 140 పూర్తి దినాలు లేదా 280 అర దినాలు పని చేసుకోవచ్చును. అంతకంటె ముఖ్యంగా, వెళ్ళేముందే ఒక సంవత్సరపు ఖర్చు, 2024 సెప్టెంబరు నుండి 11,904 యూరోలు, ఒక ప్రత్యేక ఖాతాలో వేయవలెను. అందులోంచి నెలకు 992 యూరోలే చేతికి వస్తాయి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ఫీజు నామమాత్రం. పార్ట్ టైం మీద ఆధారపడి రావద్దని నోటితో చెప్పక, ఖాతాతో చెప్పినట్లున్నది.

చట్టబద్ధంగా చేసిన పనికి మరొక సుఖం ఉన్నది. జీతం చీటీ వస్తుంది, పన్ను లెక్క చూపవచ్చును. అమెరికాలో ఎఫ్-1 విద్యార్థులకు సాధారణంగా మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కోయరాదు. తెలియక కోస్తే అడిగి వాపసు తీసుకోవచ్చును. భారత-అమెరికా పన్నుల ఒప్పందం ప్రకారం మన విద్యార్థులకు అక్కడి పౌరులకు ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ కూడా వర్తిస్తుంది. ఇది చాలా దేశాల విద్యార్థులకు లేని సౌకర్యం. ఆదాయం లేకపోయినా 8843 అనే ఫారం నింపి పంపవలెను.

ఆ తండ్రి గారికి మేము చెప్పినది ఇంతే: "రెండేళ్ళ ఫీజు ఇక్కడే లెక్కకు రావలె. పార్ట్ టైం కూరగాయల ఖర్చు అనుకోండి." ఆయన కాసేపు మౌనంగా ఉండి, "అయితే ఈ సంవత్సరం ఆపమంటారా?" అన్నారు. ఆపమనే అధికారం మాకు లేదు. తెలంగాణ ప్రభుత్వం అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులకు ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకం కింద 20 లక్షల రూపాయల వరకు ఇస్తున్నది. కుటుంబ వార్షికాదాయం 5 లక్షలకు లోబడి ఉండవలె. మార్కులు, పరీక్షల స్కోర్ల నియమాలు ఉన్నవి. ఆయనకు ఈ పథకం సంగతే తెలియదు. కుమారుడు సీటును తరువాతి ప్రవేశానికి వాయిదా వేయించుకుని, దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ మధ్యకాలంలో నగరంలో ఒక చిన్న కంపెనీలో పని చేస్తున్నాడు. ఇల్లు ఇంకా తాకట్టు పడలేదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ప్రతి సంవత్సరం మన దగ్గర చదివిన పిల్లలు కొందరైనా ఈ దారిలో వెళ్తున్నారు. వెళ్ళేముందు తల్లిదండ్రులతో కలిపి ఒక్క పూట సమావేశం ఏర్పాటు చేయించవలెనని, ఆయా దేశాల తాజా నిబంధనలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఉర్దూలోను తెలుగులోను ఒక ఫైలుగా గ్రంథాలయంలో ఉంచవలెనని కోరుతున్నాము. తెలుగు ప్రతి వ్రాసి ఇచ్చే బాధ్యత మేము తీసుకుంటాము. ఉర్దూ ప్రతికి మా మిత్రులు అంగీకరించారు. అంతవరకు, ఐ-20 పత్రం చేతికి వచ్చినవారు సంతకం పెట్టేముందు దానిని తీసుకుని, బుధవారం మధ్యాహ్నం తరగతులు అయిన తరువాత తెలుగు శాఖకు రాగలరు. వచ్చేటప్పుడు అమ్మనో, నాన్ననో వెంట తీసుకుని రండి. లెక్క వారి ఎదుటనే వేద్దాము.